"మేం కూడా అంకెలు సర్దేసి ఉంటే గెలిచేవాళ్లమా, మేడమ్?"

హైస్కూల్లో సైన్సు చెప్పే ఒక టీచరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు. ఆవిడ రాసిన సంగతులు కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

నాలుగేళ్ల కిందట ఆవిడ, వేరే స్కూల్లో పనిచేసే ఒక స్నేహితుడు కలిసి చుట్టుపక్కల హైస్కూలు పిల్లల కోసం జట్టు పరిశోధనల పోటీ మొదలుపెట్టారు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు నలుగురు కలిస్తే ఒక జట్టు. ప్రశ్న వాళ్లే ఎంచుకోవాలి. ఆరు వారాలు ప్రయోగాలు చేసి, ప్రయోగ పుస్తకం, చార్టులు పట్టుకొచ్చి ముగ్గురు జడ్జీల ముందు పావుగంట మాట్లాడాలి. మొదటిసారి 7 జట్లు వచ్చాయి. ఈ ఏడాది 26 వచ్చాయి.

ఈసారి గెలిచిన జట్టు ఉప్పునీళ్లలో గింజలు ఎంతవరకు మొలకెత్తుతాయో చూసింది. మామూలు నీళ్లు ఒకటి, ఉప్పు పాళ్లు పెంచుకుంటూ పోయినవి నాలుగు. ఒక్కోదానికి మూడు ట్రేలు, ట్రేకి 20 గింజలు. మొలకెత్తినవి వరసగా 20, 18, 16, 14, 12. మూడు ట్రేల్లోనూ అవే అంకెలు. గ్రాఫు స్కేలు పెట్టి గీసినంత తిన్నగా వచ్చింది. జడ్జీలు ముచ్చటపడ్డారు. పోటీ అయిన నెలకి, పుస్తకాలు తిరిగి ఇచ్చేద్దామని సర్దుతున్నప్పుడు టీచరుగారు ఆ పుస్తకాన్ని మొదటిసారి నిదానంగా చూశారు. ఆరు వారాల రీడింగులూ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరితో ఉన్నాయి. ఒక్క కొట్టివేత లేదు. పిల్లల అభిప్రాయాలు రాయమని ఇచ్చిన చీటీల్లో ఆ జట్టు అమ్మాయి ఒకామె ఇలా రాసింది: "నేను చార్టు పట్టుకున్నాను. గింజలు నేను చూడలేదు." అదే జట్టులో ఒక పిల్లాడు ఆవిడ స్నేహితుడి కొడుకు.

చిట్టచివర నిలిచింది ఆవిడ స్కూలు జట్టే, నలుగురు తొమ్మిదో తరగతి అమ్మాయిలు. కాగితం హెలికాప్టర్‌కి రెక్కలు పొడుగైతే నెమ్మదిగా దిగుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. 6 సెంటీమీటర్ల రెక్కలతో ఒకటి, 7 సెంటీమీటర్ల రెక్కలతో ఒకటి చేసి రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలారు. పుస్తకం నిండా కొట్టివేతలే. చివర ఇలా రాశారు: "ఒకే హెలికాప్టర్‌ని ఇద్దరం రెండు స్టాప్‌వాచ్‌లతో చూస్తే మా ఇద్దరి మధ్యే 0.2 సెకన్ల దాకా తేడా వస్తోంది. రెక్కల వల్ల కనిపించిన తేడా 0.12 సెకన్లే. కాబట్టి ఏమీ చెప్పలేం." 'ఫలితం' అనే కాలమ్‌లో వాళ్లకి 30కి 9 పడ్డాయి. గింజల జట్టుకి 28. ఆ మార్కులు వేసిన ముగ్గురిలో తానూ ఉన్నానని టీచరుగారు దాచకుండా రాశారు. ఫలితాలు చెప్పిన మర్నాడు ఆ నలుగురిలో ఒకమ్మాయి ల్యాబు గుమ్మం దగ్గర ఆగి, "మేం కూడా అంకెలు సర్దేసి ఉంటే గెలిచేవాళ్లమా, మేడమ్?" అని అడిగిందట. ఈవిడ నీళ్లు నమిలారు. ఆ అమ్మాయి ల్యాబు వైపు రావడం మానేసింది.

వచ్చే పోటీ ప్రకటన నెల రోజుల్లో వెళ్లాలి. బహుమతి వెనక్కి తీసుకోవాలా, స్నేహితుడితో ఎలా మాట్లాడాలి, అసలు ఈ పోటీ ఆపేస్తే పోతుందా అని అడిగారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఉత్తరంలో రెండు చోట్ల ఉంది.

మేడమ్, మీరు అడిగిన మూడు ప్రశ్నల కంటే ఆ అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్న పెద్దది. దానికి నిజమైన జవాబు "అవునమ్మా, గెలిచి ఉండేవాళ్లేమో" అనే. మీ మార్కుల కాగితం అలా ఉంది. మీరు నీళ్లు నమిలింది కూడా ఆ సంగతి లోపల తెలిసే అనుకుంటాను. వచ్చే ఏడాది ఏ పిల్ల వచ్చి ఇదే ప్రశ్న అడిగినా "లేదమ్మా" అని కళ్లలోకి చూసి చెప్పగలిగేలా పోటీని మార్చగలరా? నాకు అసలు విషయం అదే అనిపిస్తోంది. బహుమతి సంగతైనా, స్నేహితుడి సంగతైనా ఆ వెలుగులోనే చూద్దాం.

ముందు గింజల దగ్గరికి వద్దాం. మీ అనుమానం ఉత్తదేం కాదు. మంచి గింజలైతే మామూలు నీళ్లలో మూడు ట్రేలూ 20కి 20 మొలవడంలో వింత లేదు. కానీ ఒక్కో గింజ మొలిచే అవకాశం 80 శాతం అనుకోండి. సగటున 16 మొలవాలి. అయినా ఒక ట్రేలో సరిగ్గా 16 రావడం ఐదు సార్లకి ఒకసారే జరుగుతుంది. మిగతా సార్లు 15, 17, 14, 18 ఇలా అటూ ఇటూ పోతుంది. మూడు ట్రేల్లోనూ 16 రావడం నూటికి ఒకసారి. నాలుగు రకాల ఉప్పునీళ్లలోనూ వరసగా అలాగే జరిగిందంటే నమ్మడం కష్టం. గింజలు అంత క్రమశిక్షణతో మొలవవు.

అంతమాత్రాన పిల్లలు మోసం చేశారని తేల్చేయడానికి లేదు. మూడు ట్రేల సగటు తీసి, దాన్నే మూడు గడుల్లోనూ రాసి ఉండొచ్చు. ఒక ట్రే లెక్కపెట్టి మిగతా రెండూ అలాగే ఉన్నాయిలే అనుకుని ఉండొచ్చు. రఫ్ కాగితాల మీద రాసుకున్నవి చివరి రోజు కూర్చుని ఫెయిర్ చేసి ఉండొచ్చు. ఈ చివరిది చాలా స్కూళ్లలో జరిగేదే. ఆరో తరగతి నుంచి మనమే నేర్పాం కదా, రికార్డులో కొట్టివేతలు ఉండకూడదని, అందంగా ఉంటేనే మార్కులని. ఇన్నేళ్లు నేర్పినదాన్ని వాళ్లు మన పోటీకి పట్టుకొచ్చారు. ఇంట్లో పెద్దవాళ్లెవరో దగ్గరుండి రాయించారేమో అని మీకుంది. కావచ్చు. చూడని సంగతి కాబట్టి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను.

తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకి ఎలా వస్తాయో తెలుసుకోవడానికి గ్రెగర్ మెండెల్ చేసిన బఠాణీల ప్రయోగం సంగతి మీరు ఏటా పదో తరగతికి చెప్తూనే ఉంటారు. 1866లో అచ్చయిన ఆ వ్యాసంలో గుండ్రటి గింజలు 5474, ముడతలు పడ్డవి 1850. నిష్పత్తి 2.96కి 1. మూడుకి ఒకటి అని మనం బోర్డు మీద రాసేది దాన్నే. 1936లో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ మెండెల్ లెక్కలన్నీ కలిపి చూసి, ఇవి రావలసినదానికి మరీ దగ్గరగా ఉన్నాయి, మామూలుగా ఇంత చక్కగా రావు అన్నాడు. అన్నాడే గానీ మెండెల్‌ని దొంగ అనలేదు. ఏ అంకె రావాలో ముందే తెలిసిన సహాయకుడెవరో సర్ది ఉండొచ్చని ఊహించాడు. ఆ వాదన ఆయన తర్వాత కూడా దశాబ్దాలపాటు సాగింది. లెక్క చూసి అనుమానపడటం వేరు, మనిషిని పట్టుకుని నువ్వు చేశావనడం వేరు. మీ చేతిలో ఉన్నది ఆ మొదటిది మాత్రమే.

ఇప్పుడు బహుమతి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

విచారణ పెట్టి బహుమతి రద్దు చేయడం ఒకటి. అలా చేస్తే నియమాలకి విలువ ఇచ్చినట్టు ఉంటుంది, నిజమే. కానీ ఏ నియమానికి? రఫ్ రీడింగులు ఉండాలని, తేదీలు వేయాలని మీ నియమాల్లో ఎక్కడా లేదు. లేని నియమం తప్పారని పద్నాలుగేళ్ల పిల్లల్ని నలుగురిలో నిలబెట్టాలి. పైగా ఆ జట్టు ఓడిందని చెప్పేది, చివర నిలిచిన జట్టు టీచరైన మీరే. మీ మనసులో ఏమున్నా బయటికి కనిపించేది అది. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తినేది చీటీ రాసిన అమ్మాయి. నలుగురున్న జట్టులో ఎవరు చెప్పారో కనిపెట్టడం ఎంతసేపు?

పెదవి విప్పకుండా ఊరుకోవడం రెండో దారి. దీనికి ఖర్చు లేనట్టు కనిపిస్తుంది. కానీ మీ నలుగురు అమ్మాయిలూ, చార్టు పట్టుకున్న ఆ అమ్మాయీ ఒకటే పాఠం నేర్చుకుని వెళ్లిపోతారు. మీకూ నిద్ర పట్టదు.

మూడోది నా మనసుకి దగ్గరగా ఉన్నది. బహుమతి వాళ్ల దగ్గరే ఉండనివ్వండి. తప్పు మాత్రం నిర్వాహకులుగా మీరు బహిరంగంగా ఒప్పుకోండి. ఈసారి ప్రయోగ పుస్తకాలు మేం సరిగ్గా చదవలేదు, మార్కుల పద్ధతిలో లోపం ఉంది, మారుస్తున్నాం అని అన్ని స్కూళ్లకీ రాయండి. ఏ జట్టు పేరూ ఎత్తకండి. దాంతోపాటు ఇంకో పని చేయొచ్చు. మొత్తం 26 పుస్తకాల మీదా స్కూలు పేర్లు కప్పేసి, ఏ జట్టుతోనూ సంబంధం లేని ఇద్దరు టీచర్లకి ఇచ్చి, కొత్త మార్కుల కాగితం ప్రకారం చదివించండి. బహుమతి కోసం కాదు, కొత్త కాగితం పనిచేస్తుందో లేదో చూడటానికి. ఏ పుస్తకం పైకి వస్తుందో మీకే తెలుస్తుంది. ఈ దారిలో కూడా కొందరు చెవులు కొరుక్కుంటారు. ఓడినవాళ్లలో కొందరికి మాకు న్యాయం జరగలేదన్న బాధ మిగిలే ఉంటుంది. అది భరించాల్సిందే.

ఏ దారిలో వెళ్లినా ఆ చీటీ సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తకండి. మీ స్నేహితుడి దగ్గర అసలే వద్దు. నమ్మి రాసింది ఆ పిల్ల.

స్నేహితుడితో మాట్లాడటం గురించి. ఆయన కొడుకు పుస్తకంతో మాట మొదలుపెడితే ఆయన తండ్రిగా జవాబు చెప్తారు. ఏ తండ్రైనా అంతే. మీ పొరపాటుతో మొదలుపెట్టండి. "ఫలితానికి 28 వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. పుస్తకం తెరవలేదు. మా పిల్లలకి 9 వేసినప్పుడు కూడా తెరవలేదు" అని చెప్పండి. అది నిజం కాబట్టి మాట గట్టిగా నిలబడుతుంది. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ఇందులో అందరి చేతులూ ఉన్నాయి. తర్వాత కొత్త నియమం ముందు పెట్టండి: పోటీలో తమ బిడ్డ గానీ, తమ స్కూలు జట్టు గానీ ఉన్నవాళ్లు జడ్జీలుగా కూర్చోరు, జడ్జీల్ని ఎంపిక చేయరు. ఇది ఆయనకి ఎంత వర్తిస్తుందో మీకూ అంతే వర్తిస్తుంది. ఈ ఏడాది మీరు మీ స్కూలు జట్టుకే మార్కులు వేశారు. మీరు కఠినంగానే వేశారు, అయినా అక్కడ కూర్చోకుండా ఉండాల్సింది. ముందు మీరు తప్పుకుంటున్నానని చెప్తే ఆయనకి తప్పుకోవడం తేలికవుతుంది.

ఆయన నొచ్చుకోవచ్చు. పోటీనే వదిలేసి వెళ్లిపోనూ వచ్చు. అప్పుడు సగం పని మీ ఒక్కరి మీద పడుతుంది. అందుకే ఆయనకి బరువైన పని ఒకటి చేతిలో పెట్టి మాట్లాడితే మంచిది. హాలు, సామాన్లు, రక్షణ నియమాలు చూసుకోవడం పెద్ద పనే. నిప్పు వాడే ప్రయోగాలు, బూజు, బ్యాక్టీరియా పెంచే ప్రయోగాలు, మనుషుల మీద చేసేవి మొదలుపెట్టకముందే అనుమతి తీసుకోవాలన్న నియమం ఎలాగూ ఉండాలి. ఆ బాధ్యత ఆయనకి ఇవ్వండి.

ఇక మార్కుల కాగితం. నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. మీరు పంపిన నకలు చూశాను. చార్టు, చెప్పిన తీరు కలిపి 40. ఫలితం 30. ప్రశ్న 20. ప్రయోగ పుస్తకం 10. నూటికి పది మార్కులున్న దాన్ని ఏ జడ్జీ ఓపిగ్గా తెరుస్తారు? పిల్లలు మార్కులు ఎక్కడుంటే అక్కడికే పోతారు, అది వాళ్ల తప్పు కాదు. మీరు చార్టుకి మార్కులిచ్చారు, చార్టు వచ్చింది.

'ఫలితం' అనే మాటని కాగితంలోంచి తీసేయండి. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు భూమి కదిలే దిశని బట్టి కాంతి వేగంలో తేడా దొరుకుతుందని ఎంతో జాగ్రత్తగా వెతికారు. అనుకున్న తేడా దొరకలేదు. దొరకలేదన్న ఆ మాటే భౌతికశాస్త్రానికి పెద్ద మలుపైంది. మీ పాత కాగితం వాళ్ల ముందుంటే ఫలితం కాలమ్‌లో 9 పడేవి. ప్రకృతి ఏం జవాబు చెప్పింది అన్నదానికి పిల్లలకి మార్కులు ఇవ్వడం అన్యాయం. వాళ్ల చేతిలో ఉన్నది ఎలా అడిగారు, ఎలా కొలిచారు, కొలిచినదాన్ని ఎంతవరకు నమ్మారు అన్నవే.

నేనైతే ఇలా పంచుతాను: ప్రశ్నకి 15, ప్రయోగం ఆలోచించిన తీరుకి 25, పుస్తకానికి 25, రీడింగుల నుంచి ఎంతవరకు చెప్పొచ్చో గ్రహించిన తీరుకి 25, చెప్పిన తీరుకి 10. మీకు వేరేగా తోస్తే మార్చుకోండి. మొదట్లో కొన్ని స్కూళ్లు గొణుగుతాయి, చార్టులు బాగా వేసే పిల్లలకి అన్యాయమని. చెప్పగలగడం కూడా సైన్సులో భాగమే, కాదనను. కానీ నూటికి నలభై కాదు.

మీ అమ్మాయిలు చేసినదాన్ని ఈ కాగితం ముందు పెట్టి చూడండి. చెయ్యి స్టాప్‌వాచ్ నొక్కడంలో ఐదో వంతు సెకను అటూ ఇటూ కావడం అందరికీ జరిగేదే, కంటితో చూసి వేలితో నొక్కడానికి అంత సమయం పడుతుంది. ఆ సంగతి ఏ పుస్తకంలోనూ చదవకుండా, ఒకే హెలికాప్టర్‌కి రెండు స్టాప్‌వాచ్‌లు పెట్టి వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. కొలిచే చేతిలో ఉన్న తేడా కంటే కొలవాలనుకున్న తేడా చిన్నదైతే నోరు మూసుకోవాలని తెలుసుకున్నారు. తొమ్మిదో తరగతిలో ఆ మెళకువ వచ్చిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఉత్తరంలో ఆ భాగం మూడుసార్లు చదువుకున్నాను.

పుస్తకానికి కొన్ని నియమాలు కావాలి. కుట్టిన నోటుబుక్కు, పేజీలకి ముందే నంబర్లు. కాగితం చింపకూడదు. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టేయాలి, కింద ఉన్నది కనిపించాలి. ప్రతి రీడింగు పక్కన తేదీ, కొలిచినవాళ్ల పొడి అక్షరాలు. వారానికోసారి గైడ్ టీచరు చూసి సంతకం పెట్టాలి, పది నిమిషాల పని. అసలు ఒక పేజీ నమూనా అన్ని స్కూళ్లకీ పంపండి, కొట్టివేతలతో సహా. లేకపోతే మళ్లీ ఫెయిర్ రికార్డులే వస్తాయి. ఇంత చేసినా కావాలనుకున్నవాళ్లు కల్పించి రాయొచ్చు కదా అంటారు. రాయొచ్చు. కానీ ఆరు వారాల పాటు రోజుకో పెన్నుతో, మనిషికో దస్తూరితో, టీచరు సంతకానికి సరిపోయేలా కల్పించడం కంటే గింజలు నానబెట్టడమే తేలిక.

ఇంకో లెక్క కూడా చూడండి. 26 జట్లు, ఒక్కోదానికి పావుగంట అంటే ఆరున్నర గంటలు, ఒకే ముగ్గురు జడ్జీలు. పదిహేనో జట్టు వచ్చేసరికి ఎవరి చెవులు పనిచేస్తాయి? మెరిసే చార్టే కళ్లలో పడుతుంది. నేను కూడా ఒకప్పుడు అలా కూర్చుని, సాయంత్రం నాలుగింటికి వచ్చిన జట్టుకి వాళ్ల మాటలు సగం వినకుండానే మార్కులు వేశాను. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి. పుస్తకాలు ఐదు రోజుల ముందే తెప్పించుకుని, ఒక్కోదాన్ని ఇద్దరు విడివిడిగా చదివేలా చూడండి. లేదా మూడు గదులు, మూడు బృందాలు పెట్టుకోండి. గదులు పెంచితే ఒక గదిలో చెయ్యి ధారాళం, ఇంకో గదిలో బిగువు అన్న తంటా వస్తుంది. అందుకని పోటీకి ముందు జడ్జీలందరినీ గంటసేపు కూర్చోబెట్టి, ఈ ఏడాది పుస్తకాల్లో రెండింటికి పేర్లు తీసేసి అందరి చేతా మార్కులు వేయించండి. ఒకరు 40, ఒకరు 75 వేస్తే ఎందుకో మాట్లాడుకోండి. ఆ గంట తప్పనిసరి. స్కూలుకి రెండు జట్లే అని హద్దు పెట్టడం ఇంకో మార్గం, కానీ అప్పుడు ఎవరు వస్తారో స్కూల్లో ముందే వడపోత జరుగుతుంది. బాగా మార్కులొచ్చే పిల్లలే వస్తారు. అది నాకు ఇష్టం లేదు.

పెద్దవాళ్ల చెయ్యి ఎంత ఉందో తెలుసుకోవడానికి విచారణలు అక్కర్లేదు. పోటీ రోజు ఒక అరగంట, చేసిన ప్రయోగంలోనే చిన్న మార్పు అడగండి. కాగితం హెలికాప్టర్ జట్టుకి ఒక పేపర్‌క్లిప్ ఇచ్చి, "ఇది తగిలిస్తే ఏమవుతుంది? ముందు చెప్పండి, తర్వాత చేసి చూపించండి" అనండి. గింజలు అరగంటలో మొలవవు కాబట్టి వాళ్లకి ఒక ట్రే ఫోటో ఇవ్వండి. నలుగురినీ విడివిడిగా లెక్కపెట్టమనండి. ఒకరు 13 అంటారు, ఒకరు 15 అంటారు. పొట్టు పగిలి తెల్లటి చుక్క మాత్రం కనిపిస్తున్న గింజ మొలకెత్తినట్టా కాదా? వేరు రెండు మిల్లీమీటర్లు బయటికి వస్తేనే లెక్క అనాలా? నిజంగా ట్రేల ముందు కూర్చున్న జట్టు ఈ గొడవ ఎప్పుడో పడి ఉంటుంది, మేం ఇలా అనుకున్నాం అని టక్కున చెప్తుంది. కూర్చోని జట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంది.

చార్టు పట్టుకున్న అమ్మాయి లాంటివాళ్ల కోసం ఒక పద్ధతి ఉంది. ఏ భాగం ఎవరు చెప్పాలో చీట్లు తీసి అప్పటికప్పుడు తేల్చండి. ఎవరికి ఏది వస్తుందో తెలియదు కాబట్టి నలుగురూ అంతా తెలుసుకోక తప్పదు. బాగా మాట్లాడే పిల్లాడు మిగతావాళ్లకి నేర్పాల్సి వస్తుంది. దీనికీ ఇబ్బంది ఉంది. నలుగురిలో నోరు పెగలని పిల్లలుంటారు. వాళ్లని జడ్జీ దగ్గరికి వచ్చి కూర్చుని పుస్తకం చూపిస్తూ చెప్పనివ్వండి, మైకు ముందు నిలబెట్టకండి. ఎవరు ఎంత పనిచేశారో పిల్లల చేతే రహస్యంగా మార్కులు వేయించాలని కొందరు అంటారు. స్నేహాలూ కక్షలూ అందులోకి దూరతాయి కాబట్టి మార్కులతో ముడిపెట్టకుండా, టీచరుకి తెలియడానికి మాత్రమే ఉంచితే మేలు.

అసలు ఇళ్లలో చేసే పనే వద్దు, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒకే సామాను, ఒకే ప్రశ్న ఇచ్చి మూడు గంటల్లో చేయిద్దామా అని మీరు ఉత్తరం చివర్లో అడిగారు. చేయొచ్చు. సాయం అందదు, పోల్చడం తేలిక, ఒక్క రోజులో అయిపోతుంది. పోయేది కూడా చెప్తాను. ప్రశ్న పిల్లలది కాకుండా పోతుంది. మొదటి వారం అంతా తప్పుగా కొలిచి, రెండో వారం ఆ తప్పు తెలుసుకుని మళ్లీ మొదలుపెట్టే అవకాశం పోతుంది. మీ అమ్మాయిలు రెండో స్టాప్‌వాచ్ తెచ్చుకున్నది ఏ వారంలో? మొదటి రోజైతే కాదు కదా. ఆరు వారాలూ ఉంచి, చివర అరగంట పరీక్ష కలపడమే నాకు నచ్చుతుంది.

అంతర్జాతీయ యువ భౌతికశాస్త్రవేత్తల టోర్నమెంట్ అని 1988 నుంచి ఒకటి జరుగుతోంది, ఐవైపీటీ అంటారు. హైస్కూలు పిల్లలు ఐదుగురేసి ఒక జట్టు. సూటిగా ఒకటే జవాబు లేని 17 ప్రశ్నలు చాలా ముందుగానే ఇచ్చేస్తారు. పోటీలో ఒక జట్టు తన పరిష్కారం చెప్తే, రెండో జట్టు అందులో లోపాలు అడుగుతుంది, మూడో జట్టు ఆ ఇద్దరూ ఎలా చేశారో చెప్తుంది. మీ పోటీకి అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు గానీ, ఒక జట్టు చెప్పాక ఇంకో జట్టు పది నిమిషాలు ప్రశ్నలడగడం మాత్రం తెచ్చుకోవచ్చు. "మూడు ట్రేల్లోనూ ఒకే అంకె ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న ఈ ఏడాది మీ ముగ్గురు జడ్జీలకీ తట్టలేదు, అవతలి జట్టు పిల్లలకి తట్టి ఉండేది. గద్దించి ఓడించే ప్రశ్నలకి కాకుండా, ఎదుటివాళ్ల పని మెరుగయ్యే ప్రశ్నలకి మార్కులని ముందే చెప్పండి. లేకపోతే గొంతు పెద్దవాళ్లదే రాజ్యం అవుతుంది. మొదటి ఏడాది అందరికంటే పైన నిలిచిన నాలుగు జట్లకి మాత్రమే పెట్టి చూస్తే మీకూ అలవాటవుతుంది.

ఇవన్నీ ఒకే ఏడాది చేయలేరు. నెలలో చేయగలిగినవి మార్కుల కాగితం, పుస్తకం నియమాలు, జడ్జీల నియమం. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

పోటీ ఆపేయడం గురించి కూడా అడిగారు. మీకు అలసటగా ఉంటే ఒక ఏడాది ఆపండి, ఎవరూ ఏమీ అనుకోరు. పోటీ లేకుండా, ఎవరూ గెలవని, ఓడని ఒక ప్రదర్శనగా మార్చొచ్చు. చాలామంది పిల్లలకి అదే హాయిగా ఉంటుంది. కానీ బహుమతి లేకపోతే కొన్ని స్కూళ్లు పిల్లల్ని పంపడం మానేస్తాయి, ఆరు వారాలు పట్టుదలగా చేసే జట్లు తగ్గుతాయి. సిగ్గుతో మాత్రం ఆపకండి. నాలుగేళ్లలో మీరు జరిపిన పోటీల వల్లే తొమ్మిదో తరగతి పిల్లలు "ఏమీ చెప్పలేం" అని రాసే ధైర్యం తెచ్చుకున్నారు.

ఆ పిల్లల దగ్గరికి మాత్రం ఈ వారమే వెళ్లండి. ప్రకటన కంటే, స్నేహితుడితో మాట్లాడటం కంటే ముందు. ఒక్క అమ్మాయిని కాదు, నలుగురినీ కూర్చోబెట్టి వాళ్ల పుస్తకం బల్ల మీద పెట్టండి. "నువ్వు అడిగిన రోజు జవాబు చెప్పలేకపోయాను. నేను మీ పుస్తకం తెరవకుండా మార్కులు వేశాను. అది నా తప్పు" అని చెప్పండి. గెలిచిన జట్టు గురించి వాళ్లు అడిగితే, ఎవరి గురించీ మాట్లాడనని, మీ పని గురించే మాట్లాడతానని చెప్పండి. తర్వాత ఆ ముగింపు వాక్యం ఉన్న పేజీని నమూనాగా స్కూళ్లకి పంపడానికి వాళ్ల అనుమతి అడగండి. పేర్లు ఉంచాలో తీసేయాలో వాళ్లనే చెప్పనివ్వండి.

ఆ తర్వాత వాళ్ల పని ఇంకా అయిపోలేదని గుర్తు చేయండి. రెండు మీటర్ల నుంచి కాకుండా, పెద్దవాళ్లు తోడుండగా, మెట్ల మీద నాలుగు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే దిగే సమయం ఇంచుమించు రెట్టింపవుతుంది, రెక్కల వల్ల వచ్చే తేడా కూడా పెరుగుతుంది, చెయ్యి చేసే తప్పు మాత్రం అంతే ఉంటుంది. రెక్కలు 6, 7 కాకుండా 4, 10 పెట్టి చూడొచ్చు. ఫోన్లో వీడియో తీస్తే మామూలుగా సెకనుకి 30 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకి 0.03 సెకన్లు. స్టాప్‌వాచ్ నొక్కే వేలి కంటే చాలా నయం. వదిలిన ఫ్రేము నుంచి నేల తాకిన ఫ్రేము దాకా లెక్కపెడితే సరిపోతుంది. ఇవన్నీ మీరే చెప్పేయకుండా, 0.2 సెకన్లని ఎలా తగ్గిస్తారని అడిగి చూడండి. వాళ్లు ఇంకా మంచిది కనిపెట్టొచ్చు. రెక్కల వల్ల తేడా ఉందో లేదో తేలాక నాకు ఒక కార్డు రాయమనండి. తేలకపోయినా రాయమనండి.